నేనే కలిపాను

హలో… ఆ, నేనే బావగారూ. వినపడుతోంది, చెప్పండి—

…

ఆ, సైరనే. మీ ఇంటిదాకా వస్తోందా? అయితే బాగానే మోగుతోందన్నమాట.

…

లేదు, దానంతటది మోగలేదు. దానికేం పిచ్చి పట్టలేదు. సైరన్‌ని నడిపే ప్రోగ్రాం, అదే నేను రాసిన స్క్రిప్ట్‌ని మళ్ళీ హెడ్డాఫీసు సర్వర్‌కి కలిపాను. నది మట్టం చూసింది, మోగించింది.

…

ఎవరూ చెప్పలేదు. నేనే కలిపాను.

…

మీరలా గొంతు పెంచితే నాకేం అర్థం కాదు. ఈ చెవిలో సైరన్, ఆ చెవిలో మీరు. ఇద్దర్లో ఒకళ్ళు తగ్గాలి. సైరన్ తగ్గదు మరి—

…

ఆ. ఇప్పుడు వినపడుతోంది.

పంపుహౌస్‌లో ఉన్నాను. పైగదిలో… ఆదివారమని నాకూ తెలుసు. కాపలా మావయ్య తాళం తీశారు. ఆయన్ని ఒక్క మాటనకండి. ఈ ఆఫీసు మనిషిని, తియ్యమన్నాను, తీశారు. అంతే.

…

బావగారూ, ఒక మాట. ఇంట్లో నేను మీ తమ్ముడి భార్యని, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు. ఆఫీసులో మీరు నీటి శాఖకే పెద్ద, నేను మీ కింద సర్వర్ చూసుకునేదాన్ని, అక్కడా ఎదురు చెప్పకూడదు. మరి చెప్పేదెక్కడ? ఇదిగో, ఈ ఫోన్లోనే చెప్తున్నాను. ఆపను.

…

ఆపనన్నాను.

…

ఏం కొంప మునిగిందని అడుగుతున్నారా? ఇంకా మునగలేదు. మునగబోయేది మాత్రం ఒకటి రెండు కొంపలు కాదు. ఏటి ఒడ్డు కాలనీ మొత్తం. లాండ్రీ వీధి, పెంకుల కార్ఖానా వాళ్ళ ఇళ్ళు, ఆ చివర నర్సింగ్ హోమ్. మంచం దిగలేనివాళ్ళే ఉంటారక్కడ.

…

వాన లేదు. నిజమే. ఇక్కడ చుక్క పడలేదు. మీ వరండాలో ఎండ కూడా కాస్తోందేమో. పైన కొండల్లో కురుస్తోంది. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. నిజం సంగతి నాకు తెలీదు గానీ, పల్లం మాత్రం నీళ్ళకి బాగా తెలుసు. మన పల్లం ఆ కాలనీయే.

…

అదే చెప్పబోతున్నాను. మీరు చెప్పనిస్తే.

పొద్దున్న మీ తమ్ముడు బట్టలు ఆరేద్దామని డాబా ఎక్కాడు. ఎక్కినవాడు బట్టలు అక్కడే వదిలేసి నన్ను కేకేశాడు. వెళ్ళి చూద్దును కదా, కొండల మీద ఆకాశం బొగ్గు పులిమినట్టుంది. తిన్నగా ఇక్కడికొచ్చి డేటాబేస్ తెరిచాను. నది మట్టం కొలిచే మీటర్ల టేబుల్, అదే పట్టిక, చూశాను. ఎగువన రాళ్ళ క్వారీ దగ్గర మీటరు అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కుతున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

…

క్వారీ కాపలాదారుకి చేశాను. ఫోను మోగనే లేదు. అక్కడ ఫోను లైన్లు పడిపోయినట్టున్నాయి, మీటరుది రేడియో కాబట్టి దానికి లైన్ అక్కర్లేదు. తర్వాత మీకు చేశాను.

…

చేశాను బావగారూ. అక్క ఎత్తింది. మీరు నడుం వాల్చారట, ఎవరు చేసినా లేపొద్దని చెప్పారట. 'చాలా అవసరమక్కా' అన్నాను. పాపం తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చేసింది. 'నీకు తెలుసు కదమ్మా ఆయన సంగతి' అంది. అక్కనీ ఏమీ అనకండి ఇప్పుడు.

…

ఎదురుచూశాను. ఇంకోసారి చేశాను. ఈసారి ఎవరూ ఎత్తలేదు.

మరి నేనేం చెయ్యను? అంకెలు చూస్తూ, గోళ్ళు కొరుక్కుంటూ కూచోమంటారా?

…

హ్యాకింగా? … ఆ మాట ఎవరు నేర్పారు మీకు?

…

దొంగతనంగా దూరడం అంటే అది. నేను తలుపు తీసుకునే వెళ్ళాను. సర్వర్ వాడుకునేవాళ్ళకి ఖాతాలు తెరవడం నా ఉద్యోగం. మొన్న బిల్లుల సెక్షన్లో కొత్త క్లర్కొచ్చింది, ఆ అమ్మాయికి తెరిచాను. ఇవాళ సైరన్‌కి తెరిచాను. సైరన్ పాత ఖాతాకి పాస్‌వర్డ్ మార్పించింది మీరు. కొత్తది తెరవొద్దని ఎక్కడా అనలేదు.

…

అతి తెలివి అనుకోండి, ఏమన్నా అనుకోండి.

…

ఏం చేశానో వివరంగా చెప్తాను, రేపు ఎంక్వైరీలో మీరే రాసుకోవాల్సొస్తుంది కదా. మొదట పాత స్క్రిప్టే నడిపాను. దానికి నాలుగు ముక్కలు చాలు. సర్వర్ ఎక్కడుంది, ఏ డేటాబేస్ కావాలి, అడిగేదెవరు, పాస్‌వర్డేంటి. సర్వర్ మొహం మీదే తలుపేసింది. 'అనుమతి లేదు' అంది. నేను రాసుకున్న స్క్రిప్ట్, నేను చూసుకునే సర్వర్. ఒకే ఇంట్లో మాటల్లేని తోటికోడళ్ళలా చేశారు రెండిటినీ.

సరే, కొత్త ఖాతా తెరిచాను. మళ్ళీ నడిపాను. ఈసారి అనుమతి దాకా కూడా పోలేదు. నేను నా ఖాతాతో వెళ్ళే దారి వేరు, ఈ గదిలోంచి స్క్రిప్ట్ పిలిస్తే మాత్రం అందుకోవద్దని సర్వర్‌కి చెప్పి ఉంది. అది కూడా మీ హయాంలోనే. ఈ ఒక్క కంప్యూటర్‌ని రానివ్వమని అది సరిచేశాను. మూడోసారి డ్రైవర్ పాతబడిపోయిందంది—

…

కాదు, కాదు. బండి నడిపే డ్రైవర్ కాదు. స్క్రిప్ట్ మాట సర్వర్‌కి అర్థమయ్యేలా చెప్పేదాన్ని కూడా డ్రైవరే అంటారు. మధ్యవర్తి అనుకోండి. ఈ మధ్యవర్తి ముసలాడైపోయి కొత్త సర్వర్ మాట అర్థం చేసుకోలేకపోయాడు. కొత్తవాణ్ణి పెట్టాను.

అప్పుడు కలిసింది. తెర మీద ఒక్క మాట. 'కనెక్టెడ్.'

సంతోషపడే వీలే ఇవ్వలేదు బావగారూ. కలిసీ కలవగానే మోగింది. ఒక్కసారి మట్టం చదివిందో లేదో, మోగేసింది. అంటే ఎంతసేపటి నుంచి మోగాల్సి ఉందో ఆలోచించండి.

…

సర్వర్ మీద భారం పడుతుందా? … ఎవరు చెప్పారు?

ఆ కంపెనీ ఆయనా? ఆయన కొత్త సర్వర్ అమ్ముకోవాలి, అలాగే చెప్తాడు. ఈ స్క్రిప్ట్ చేసేదల్లా ఒకటే. వెళ్ళి తలుపు తట్టడం. మట్టం ఎంత అని ఒక్క ప్రశ్న. జవాబు తీసుకుని, వెనక తలుపేసి రావడం. బిల్లుల సెక్షన్ వాళ్ళు నెలాఖర్న పెట్టే ఒత్తిడిలో ఇది చీమ బరువు. పైగా ఈ ఖాతాకి చూడ్డానికే హక్కు. రాయలేదు, చెరపలేదు, ఇంకో టేబుల్ వైపు కన్నెత్తి చూడలేదు. దాని చేతులు నేనే కట్టేశాను. కళ్ళు మాత్రం కట్టను.

…

పోయినసారా? ఆ… అక్కడికెప్పుడొస్తారా అని చూస్తున్నాను. వచ్చారు.

…

మర్చిపోలేదు. ఎలా మర్చిపోతాను? ఏటి ఒడ్డు పార్కు ప్రారంభం. షామియానా, తెల్ల కుర్చీలు, మైకు. మీరు వేదిక మీద, కత్తెర మీ చేతిలో. రిబ్బన్ మీద కత్తెర పెట్టారో లేదో, సైరన్ అందుకుంది. అతిథులు కుర్చీలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. ఒకాయన పూలకుండీలో పడ్డాడు. మర్నాడు పేపర్లో మీ ఫొటో, కత్తెరతో సహా.

…

నవ్వలేదు… ఇప్పుడు కాదు, అప్పుడు నవ్వాను. అందరం నవ్వాం. ఆ గాయం మీకింకా మానలేదని తెలుసు.

కానీ మీటరు అప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఎక్కడిదో దుంగ కొట్టుకొచ్చి వంతెన కింద అడ్డం పడింది. దాని వెనక నీళ్ళు నిజంగానే పెరిగాయి. మీటరు తన ముందున్నది చెప్పింది. దుంగ సంగతి దానికేం తెలుస్తుంది? అది నేను ఊహించాల్సింది. అందుకే ఆ వారమే మార్చి రాశాను. ఇప్పుడు ఒక్క మీటరు మాట నమ్మదు. క్వారీ మీటరు, వంతెన మీటరు రెండూ ఒకే మాట అంటేనే మోగుతుంది. ఆ కాగితం మీ బల్ల మీద పెట్టాను. మీరు చదవలేదు. పాస్‌వర్డ్ మార్పించారు.

…

ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టు. ఒక్కసారి తప్పుగా మోగిందని అసలు మోగకుండా చేశారు.

…

మార్పించడం కాదు నాకు కోపం. అది మీ ఇష్టం, మీ అధికారం. కాలనీ వాళ్ళకి చెప్పలేదు చూడండి, అదీ. సైరన్ లేదు, మీ జాగ్రత్తలో మీరుండండి అని ఒక్క బోర్డు పెట్టి ఉంటే సరిపోయేది. వాళ్ళే వంతులేసుకుని నదిని కాపలా కాసేవాళ్ళు, వాళ్ళ తాతల్లాగా. సైరన్ స్తంభం అలాగే ఉంచారు, దానికి కొత్త రంగు వేయించారు. అది చూసి వాళ్ళు నిశ్చింతగా పిల్లల్ని ఒడ్డున ఆడుకోనిస్తున్నారు. లాండ్రీ ఆవిడ నన్ను బజార్లో చూసినప్పుడల్లా అంటుంది, 'మీరున్నారుగా అమ్మా' అని. ఏం చెప్పను ఆవిడకి? మా బావగారు తీగ తెంపేశారని చెప్పనా?

…

అడిగాను కదా మిమ్మల్ని. ఒకసారి కాదు. ప్రతిసారీ 'చూద్దాం' అన్నారు. చూసే కళ్ళు పీకేసి, చూద్దాం అంటే ఎలా చూస్తాం?

…

ఒక్క నిమిషం బావగారూ—

మావయ్యా, ఆ కిటికీ వెయ్యొద్దు. తెరిచే ఉంచండి. వీధి కనపడాలి నాకు.

ఆ, చెప్పండి.

…

జనమా? నడుస్తున్నారు. ఇక్కణ్ణించి కనపడుతున్నారు. మొదట ఎవరూ కదల్లేదు, అది నిజం. పోయినసారి నవ్వుకున్నది వాళ్ళకీ గుర్తుంది. గుమ్మాల్లో నిలబడి స్తంభం వంక చూశారు. పెంకుల కార్ఖానా మేస్త్రీ ఉన్నాడు చూశారూ, ఆయన బనీను మీదే ఒడ్డుకి వెళ్ళి నీళ్ళ రంగు చూశాడట. వెనక్కి పరిగెత్తుకొచ్చి ఇంటింటికీ తలుపులు బాదాడు. అప్పుడు కదిలారు. ఇప్పుడు వీధి నిండా మనుషులే. కుట్టుమిషన్ మోసుకుపోతోంది ఒకావిడ. ఒకాయన మేకని భుజాన వేసుకున్నాడు.

…

భయపెట్టానా? భయపడాల్సినప్పుడు భయపెడితే తప్పేంటి?

…

ఏమన్నారు?

…

సర్వర్ ఆపించేస్తారా? … సరే. హెడ్డాఫీసులో ఆదివారం ఎవరుంటారు? ఆ సెక్యూరిటీ ఆయనకి ఫోన్ చేసి ప్లగ్గు పీకమంటారా? పీకించండి.

…

బెదిరింపు కాదు, నిజంగానే అంటున్నాను. పీకించండి. సర్వర్ జవాబు ఇవ్వకపోతే ఏం చెయ్యాలో కూడా రాశాను దాన్లో. మట్టం హద్దు దాటాక సర్వర్ మూగబోతే, చూడలేకపోతున్నాను కాబట్టి ప్రమాదమే అనుకోమని రాశాను. మీరు ప్లగ్గు పీకినా అది మోగుతూనే ఉంటుంది. దీన్ని ఆపాలంటే మీరే ఇక్కడికొచ్చి, ఈ కుర్చీలోంచి నన్ను లేపి, మీ చేత్తో ఆపాలి.

…

లేవను మరి. ముందే చెప్తున్నా.

…

సస్పెండ్ చెయ్యండి. రేపు ఆఫీసు తియ్యగానే చెయ్యండి. ఇవాళ ఆదివారం, సస్పెండ్ చెయ్యడానికి టైపిస్టు కూడా ఉండదు.

…

ఉద్యోగం మీరే వేయించారు. ఔను. పిల్లలు పుట్టాక ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్నదాన్ని, పనిలో తుప్పు పట్టిపోయి ఉంటుందని అందరూ అంటే, 'మా మరదలికి ఒక్క అవకాశం ఇవ్వండి' అని మీరే అన్నారు. ఆ మేలు నేను చచ్చేదాకా మర్చిపోను. మీరు ఏమడిగినా ఇస్తాను. కానీ ఆ మేలుకి బదులు లాండ్రీ వీధిని ఇమ్మంటే ఇవ్వలేను. అది నాది కాదు, ఇవ్వడానికి.

…

…

ఇంటి పరువా… ఎవరి ఇంటి పరువు? ఇంకాసేపట్లో ఇళ్ళే ఉండని వాళ్ళుంటారు, పరువు తర్వాత.

…

మీ తమ్ముడా? ఇక్కడ లేడు. ఫోన్ ఇవ్వలేను.

…

కాలనీలోనే ఉన్నాడు.

…

నేను పంపలేదు. సైరన్ మోగగానే నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు, 'నిజమేనా' అని. 'నిజమే' అన్నాను. అంతే. షాపు వాను తీసుకుని వెళ్ళాడు. బల్లలూ బీరువాలూ మోసే వాను కదా, మంచాలతో సహా ఎక్కించొచ్చని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాడు. పెద్ద నర్సు ఇందాక చేసింది. పైఅంతస్తు లేదు వాళ్ళకి. అంబులెన్సు ఒకటే ఉంది. మీ తమ్ముడూ, షాపులో వడ్రంగులూ కలిసి ఒక్కొక్కళ్ళనీ పరుపుతో సహా మోసి ఎక్కిస్తున్నారంది. రెండు ట్రిప్పులు ఎత్తు మీదున్న బడి దగ్గర దింపేశారు. మూడోది మిగిలింది.

…

నాకు మాత్రం భయం లేదా? మీకు తమ్ముడు, నాకు మొగుడు. కిటికీ తెరిచి ఉంచమన్నది జనాన్ని చూడ్డానికనుకున్నారా?

…

ఫోన్ ఎత్తడం లేదు. చేతుల్లో మనుషులుంటారు కదా, ఎలా ఎత్తుతాడు?

…

బావగారూ, ఒక పని చెయ్యండి. నా మాట నమ్మొద్దు, మీటరు మాట నమ్మొద్దు. మీ డాబా ఎక్కండి. ఫోన్ చేతిలోనే ఉంచుకోండి. ఎక్కి వంతెన వైపు చూడండి… ఎక్కండి, మోకాళ్ళు నొప్పయినా సరే.

…

ఆ, ఉన్నాను. మెల్లిగా ఎక్కండి.

మావయ్యా, వాను కనపడిందా? … తెల్లది. పక్కన కుర్చీ బొమ్మ ఉంటుంది… లేదా? సరే, చూస్తూ ఉండండి.

…

ఆ బావగారూ. ఎక్కారా? … వంతెన స్తంభాలు ఎంతవరకు కనపడుతున్నాయి?

…

ఇందాక నాకు సగం కనపడ్డాయి.

…

నీళ్ళ రంగు?

…

అదే. కొండ మట్టి రంగు. మన నది రంగు కాదది. ఎడమ పక్కకి చూడండి, పార్కు వైపు. మీరు రిబ్బన్ కట్ చేసిన చోటు.

…

బెంచీలు కనపడవు. ఇక్కణ్ణించీ కనపడటం లేదు.

…

…

వింటున్నారా? కూర్చోండి కాసేపు. పిట్టగోడ మీద కాదు, కింద కూర్చోండి.

…

లాండ్రీ వీధిలోకి వచ్చేసినట్టుంది. ఒక డ్రమ్ము తేలుతూ పోతోంది… మనుషులు లేరు. నాకు కనపడినంత వరకు ఆ వీధిలో మనుషులెవరూ లేరు. ఒక్క కుక్క, అదీ గోడెక్కింది.

…

నర్సింగ్ హోమ్ గేటు నాకు కనపడదు. మలుపు అవతల ఉంది. ఆ మలుపు మీదే కళ్ళు పెట్టుకుని ఉన్నాను.

…

మీరూ ఆ దేవుణ్ణే అడగండి. నేనూ అదే పనిలో ఉన్నాను.

…

…

మావయ్యా? … ఏదీ? … ఎక్కడ?

…

బావగారూ. వచ్చింది. వాను వచ్చింది. మలుపు తిరిగింది. చక్రాలు సగం నీళ్ళలో ఉన్నాయి, కానీ వస్తోంది. వెనక తలుపులు తెరిచే ఉన్నాయి, మంచం కాళ్ళు బయటికొచ్చి… పెద్ద నర్సు మంచాన్ని పట్టుకుని కూర్చుంది. నడిపేది అతనే. ఆ తల నాకు తెలీదా?

…

ఎత్తు ఎక్కేశాడు. ఎక్కేశాడు బావగారూ.

…

ఏడవకండి. మీరు ఏడిస్తే నాకూ వస్తుంది, నేను తెర చూడాలి.

…

ఎవరో చేస్తున్నారా? తీసుకోండి. పైవాళ్ళయితే ముందు వాళ్ళతో మాట్లాడండి. నేను పెట్టను, లైన్లోనే ఉంటాను.

…

మావయ్యా, కాసిని మంచినీళ్ళివ్వండి. … మీరూ తాగండి. నించునే ఉన్నారు ఇందాకట్నుంచీ.

…

ఆ, ఉన్నాను. ఎవరు?

…

మీ పైన ఉన్న పెద్దాయనే చేశారా? ఏమన్నారు?

…

మెచ్చుకున్నారా. మంచిదే. 'సకాలంలో హెచ్చరించారు' అన్నారా? మంచి మాటే.

…

…

ఏమని చెప్పమంటారు?

…

మీరే పొద్దున్న ఫోన్ చేసి కలపమన్నారని. … మీరు చెప్తే నేను కలిపానని.

…

లేదు బావగారూ.

…

లేదు. చెప్పను.

…

మీ మీద కక్షా? కక్షే ఉంటే మిమ్మల్ని డాబా ఎందుకెక్కిస్తాను? 'ఆపమన్నది ఈయనే' అని పెద్దాయనకి నేనే చేసి చెప్పేదాన్ని. చెప్పలేదు. నా అంతట నేను వెళ్ళి చెప్పను కూడా. కానీ అడిగితే ఉన్నదే చెప్తాను. తెంపింది మీరు, కలిపింది నేను.

…

వినండి. ఇది నా పేరు కోసం కాదు. పూలదండలు మీరే వేయించుకోండి, నాకు మెడ నొప్పి. మీరు చెప్తే కలిపానని నేనన్నాననుకోండి, రేపు ఇంకో ఆఫీసరొస్తాడు. ఆయన చెప్తే తెంపాలి. ఆయన నిద్రపోతుంటే ఆగాలి. అదే రివాజైపోతుంది. ఎవరూ చెప్పకపోయినా కలపాల్సిందే అని తెలియాలంటే, ఎవరూ చెప్పలేదన్న సంగతి ఉండాలి.

…

మరి మీరేం చెప్పాలా? … నిజం చెప్పలేరు, అబద్ధానికి నేను తోడు రాను. మధ్యలో చిక్కుకున్నారు, తెలుసు.

…

ఒక దారుంది. నది ఇంకా పెరుగుతోంది. క్వారీ మీటరు ఇంకా దిగలేదు. రాత్రంతా ఇది నడవాలి, రేపూ నడవాలి. ఇప్పటిదాకా ఆపమన్నారు మీరు. ఇప్పుడు ఉంచమనండి. పెద్దాయన అడిగితే, ఆదివారం మధ్యాహ్నం డాబా మీద నిలబడి, కళ్ళారా చూసి, ఉంచమన్నానని చెప్పండి. అది అబద్ధం కాదు. నేనూ సాక్ష్యం చెప్తాను, ఎక్కడ అడిగినా.

…

ఉంచమన్నట్టే అనుకోమంటే కుదరదు. నేనేం అనుకోను. నోటితో అనండి.

…

వినపడలేదు. సైరన్ మోతలో కలిసిపోయింది.

…

ఇంకోసారి.

…

ఆ. విన్నాను.

…

రండి, ఎవరొద్దన్నారు? కానీ ఒడ్డు దారిలో వద్దు, నీళ్ళున్నాయి. బడి మీదుగా ఎత్తు దారిలో రండి. అక్కతో చెప్పి మీ ఇంట్లో దుప్పట్లు ఎన్నుంటే అన్ని కార్లో వేసుకుని ముందు బడి దగ్గర దింపండి. నర్సింగ్ హోమ్ వాళ్ళు తడిసిపోయి ఉన్నారు. మీ తమ్ముడికి పొడి చొక్కా ఒకటి. పెళ్ళికని దాచుకున్న దుప్పట్లు కూడా, అవును, అన్నీ. ఆ తర్వాత ఇక్కడికి.

…

ఆర్డరే. ఇవాళ్టికి వినండి.

నర్సు ఫోన్ వస్తోంది. పెట్టేస్తున్నాను బావగారూ.